నోట్లు చూసే దీపం కింద కళ్లద్దాలు

అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో జిరాక్స్ షాపు నడిపే ఒక పెద్దాయనకీ, పంజాగుట్టలో కళ్లద్దాల షాపులో చూపు పరీక్షలు చేసే ఆయన మేనకోడలికీ మధ్య నడిచిన వాదన ఇది. మే రెండో వారం, మధ్యాహ్నం. కళ్లజోడు మరలు వదులయ్యాయని బిగించుకోవడానికి వచ్చి ఆయన కౌంటర్ ముందు స్టూలు మీద కూర్చున్నారు. నా అద్దాల కోసం నేను పక్కనే ఎదురుచూస్తున్నాను. ఇద్దరూ పట్టుదల గలవాళ్లే. ఇద్దరి మాటల్లోనూ నిజముంది, కాకపోతే సమానంగా లేదు. ఎక్కడ ఎవరి వైపు మొగ్గానో మధ్యలో చెబుతాను.

మేనకోడలు: మామయ్యా, మూసాపేట నుంచి రోజూ బండి మీదేగా వస్తున్నావు. చలవ కళ్లద్దాలు పెట్టుకోమని పోయిన ఎండాకాలం నుంచీ మొత్తుకుంటున్నాను.

మామయ్య: పెట్టుకుంటే ఏమవుతుందో తెలుసా? షాపుకొచ్చే పిల్లలు "ఏంటంకుల్, కళ్లకలకా?" అంటారు. మీ అత్తయ్య స్నేహితురాళ్లయితే శుక్లం ఆపరేషన్ ఎప్పుడైందని అడుగుతారు. అరవైకి దగ్గరపడ్డాక వీడికి సోకులేమిటని ఇంకొకరు. మన దగ్గర నల్లద్దాలు పెట్టుకునేది సినిమా హీరో, లేదంటే రోగి. నేను రెండూ కాదు.

మేనకోడలు: పంజాగుట్ట జంక్షన్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్ పెట్టుకుంటే ఎవరైనా నవ్వుతున్నారా?

మామయ్య: ఆయన డ్యూటీలో ఉన్నాడు. అయినా డ్యూటీలో ఉన్నవాళ్లనీ వదల్లేదు. 2015 మే నెలలో బస్తర్ కలెక్టర్ ప్రధానమంత్రికి స్వాగతం చెప్పడానికి నల్లకళ్లద్దాలతో వెళ్లాడని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. అంతటి అధికారికే అది మర్యాద కాదన్నారు.

మేనకోడలు: ఎదుటివాళ్లతో మాట్లాడేటప్పుడు తీసి జేబులో పెట్టుకో. అది మర్యాదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ మూసాపేట నుంచి అమీర్‌పేట దాకా నువ్వు బండి మీద ఎవరితో మాట్లాడుతున్నావని?

మామయ్య: అసలు ఎండ కంటికి అంత కీడు చేసేదైతే నాకు తెలియదా? ముప్ఫై ఏళ్లుగా తిరుగుతున్నాను. కన్ను మండలేదు, నీరు కారలేదు.

మేనకోడలు: వెల్డింగ్ షాపులో కుర్రాణ్ణి అడుగు. అద్దం అడ్డుపెట్టుకోకుండా కాసేపు వెల్డింగ్ వంక చూస్తే అప్పటికప్పుడు ఏమీ కాదు. ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు లేస్తాడు. అతినీలలోహిత కిరణం పని అలాంటిది. అది వెలుతురులా కనపడదు, వేడిలా తగలదు. వెల్డింగ్‌లో ఒక్కసారే మోతాదు ఎక్కువ పడుతుంది కాబట్టి ఆరేడు గంటల్లో బయటపడుతుంది. ఎండలో కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పడుతుంది, ఏళ్ల తరవాత బయటపడుతుంది.

మామయ్య: మా నాన్న యాభై ఏళ్లు పొలంలో నిలబడ్డాడు. నెత్తికి తలపాగా తప్ప ఇంకేమీ ఎరగడు.

మేనకోడలు: తాతయ్యకి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి మామయ్యా. ఆపరేషన్ చేయించింది నువ్వే.

మామయ్య: అది చుట్టల వల్ల.

మేనకోడలు: చుట్టా కారణమే. వయసు, చక్కెర జబ్బు, స్టెరాయిడ్ మందులు అన్నీ కారణాలే. ఎండది అందులో ఒక వాటా, అంతకుమించి నేను చెప్పను. అమెరికాలో చెసాపీక్ అఖాతంలో పీతలూ చేపలూ పట్టుకుని బతికే 838 మందిని పరీక్షించి 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కొక్కడు జీవితంలో ఎన్నేళ్లు నీటి మీద ఉన్నాడు, టోపీ పెట్టుకున్నాడా, కళ్లద్దాలు పెట్టుకున్నాడా అని అడిగి కంటికి చేరిన కిరణాల లెక్క కట్టారు. ఆ మోతాదు రెట్టింపైన కొద్దీ కటకం అంచుల నుంచి మొదలయ్యే రకం శుక్లం వచ్చే అవకాశం 1.6 రెట్లు పెరిగింది. కటకం నడిమధ్యలో వచ్చే రకానికి అలాంటి సంబంధం కనపడలేదు.

ఎండ వల్లే అందరికీ కళ్లు పోతాయని భయపెట్టి అద్దాలు అమ్మడం చాలా తేలిక. ఆమె అద్దాలు అమ్మే షాపులో నిలబడి కూడా ఆ పని చెయ్యలేదు. ఒక రకం శుక్లం, ఒక వాటా అని గీత గీసి చెప్పింది. నేను ఆమె వైపు మొగ్గింది ఇక్కడే.

మామయ్య: సరే, వాటా ఉందనుకుందాం. మిట్టమధ్యాహ్నం నేను రోడ్డు మీద ఉండనే ఉండను కదా? మే 9న నీడలేని రోజు. పన్నెండుంపావు దగ్గర షాపు ముందు నీళ్ల సీసా నిలబెట్టి చూశాను, నీడ పూర్తిగా దాని కిందికే పోయింది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. ఆ టైముకి నేను ఫ్యాను కింద కూర్చుని రికార్డులు జిరాక్స్ తీస్తున్నాను.

మేనకోడలు: నడినెత్తిన ఉన్న సూర్యుడి వల్ల ఒంటికి ప్రమాదం. కంటికి అప్పుడు కొంత నయం, ఎందుకంటే కనుబొమ ఎముకా పైరెప్పా చూరులాగా అడ్డుంటాయి. జపాన్‌లో కనజవా వైద్య విశ్వవిద్యాలయం వాళ్లు బొమ్మ తలకి కళ్ల దగ్గర కిరణాలు కొలిచే సెన్సర్లు పెట్టి ఎండలో ఉంచారు. 2011లో వచ్చింది ఆ పరిశోధన. సూర్యుడి వైపు తిరిగి ఉన్న కంటికి, చలికాలం తప్పిస్తే, మధ్యాహ్నం కంటే ఉదయం ఎనిమిది పది మధ్య, మళ్లీ రెండు నాలుగు మధ్య ఎక్కువ మోతాదు పడింది. సూర్యుడు దాదాపు 40 డిగ్రీల ఎత్తులో ఉండే వేళలవి. హైదరాబాద్‌లో ఈ నెలలో ఆ ఎత్తు ఎప్పుడొస్తుందో చెప్పనా? పొద్దున ఎనిమిది నలభై ప్రాంతంలో, సాయంత్రం మూడు నలభై ప్రాంతంలో. నువ్వు ఇంట్లో ఎప్పుడు బయల్దేరతావు?

మామయ్య: ఎనిమిదిన్నరకి.

మేనకోడలు: తిరిగి?

మామయ్య: మూడున్నరకి అబ్బాయి వచ్చి షాపులో కూర్చుంటాడు. అప్పుడు.

మేనకోడలు: మూసాపేట నుంచి ఎర్రగడ్డ, ఎస్సార్‌నగర్ మీదుగా అమీర్‌పేట రావడమంటే ఆగ్నేయం వైపు రావడం. ఎండ నీ ఎడమ చెంప మీద పడుతుంది. సాయంత్రం వెళ్లేటప్పుడు వాయవ్యం వైపు వెళతావు, సూర్యుడు పడమటికి తిరిగి ఉంటాడు. అప్పుడూ ఎడమ చెంప మీదే.

ఆయన చేత్తో గాలిలో దారి గీసుకుని చూసుకున్నారు. ఇంటికెళ్లాక నేనూ మ్యాపు తీసి చూశాను. మే నెలకి ఆమె లెక్క సరిపోయింది.

మేనకోడలు: ఇప్పుడు కళ్లజోడు తీసి ఈ అద్దంలో చూసుకో. ఎడమ కంట్లో, ముక్కు వైపు, తెల్లగుడ్డు మీద పసుప్పచ్చటి చిన్న బుడిపె కనపడుతోందా? కుడి కంట్లో అంత లేదు.

మామయ్య: ఇది... దుమ్ము వల్ల. పంజాగుట్ట దుమ్ము సంగతి నీకు తెలియంది కాదు.

మేనకోడలు: దుమ్మూ గాలీ కూడా కారణమే. ఒక్క మనిషి కంట్లో బుడిపె చూసి నేను శాస్త్రం రాయను. ప్రమాదమూ లేదు, భయపడకు. కానీ అదే చోట నుంచి కొందరికి కండపొర నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఎక్కువగా ముక్కు వైపు నుంచే ఎందుకు పాకుతుందన్నది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ముక్కు నీడ పడే వైపు కదా అది! సిడ్నీలో మినాస్ కొరోనియో అనే కంటి వైద్యుడు 1990లలో దానికి కారణం చూపించాడు. చెవి వైపు నుంచి ఏటవాలుగా వచ్చిన వెలుతురు నల్లగుడ్డు వంపులోంచి వంగి, అవతలి అంచున, అంటే ముక్కు వైపు, ఒకే చోట చేరుతుంది. మామూలుగా పడేదానికి ఇరవై రెట్ల దాకా చిక్కబడుతుందట.

మామయ్య: అంటే ఎదురుగా అద్దం ఉన్నా పక్కనుంచి వచ్చేస్తుందన్నమాట.

మేనకోడలు: అదే చెబుతున్నాను. నీ కళ్లజోడు చూడు, చదువుకోవడానికి కొన్న చిన్న ఫ్రేము. పక్కన రెండు వేళ్లు దూరేంత సందు. పైగా మేలో చెమటకి ముక్కు మీద నుంచి జారుతుంది, అప్పుడు పైనుంచి కూడా దారి దొరుకుతుంది. కనుబొమ నుంచి చెంప ఎముక దాకా కప్పి, కణతల వైపు కాస్త వంగిన ఫ్రేము కావాలి. ఇక్కణ్ణుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 ఎక్కితే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కదా. 1996 నుంచి 2000 దాకా వాళ్లు హైదరాబాద్‌లోనూ పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. తరవాత మళ్లీ ఆ పల్లెలకి వెళ్లి చూశారు. కండపొర ఎండలో పనిచేసేవాళ్లలో ఎక్కువ. ఆఫీసులో కూర్చునేవాళ్లకి కాదు మామయ్యా ఈ అద్దాలు ముందుగా కావాల్సింది.

మామయ్య: మరి ఎండలో పనిచేసేవాడు నీ షాపుకి వచ్చి రెండువేలు పెడతాడా? అమీర్‌పేట మెట్రో కింద నూటయాభైకి దొరుకుతున్నాయి. నేనే కొన్నాను, షాపులో కుర్రాళ్లిద్దరి కోసం. ఇదిగో సంచీలోనే ఉన్నాయి. ఒకటి నలుపు, ఒకటి బ్రౌను. "తీస్కో అన్నా, పోలరైజ్డ్, యూవీ ఫోర్ హండ్రెడ్, ఎండల పెట్టుకుంటె కండ్లు సల్లగుంటయ్" అన్నాడు బండివాడు. కార్డు చూపించి పరీక్ష కూడా చేయించాడు. మామూలుగా చూస్తే ఏమీ లేదు, ఈ అద్దంలోంచి చూస్తే కార్డులో చేప బొమ్మ కనపడింది!

మేనకోడలు: ఆ కార్డు చెప్పేది పోలరైజ్డ్ అవునా కాదా అని మాత్రమే. అది తళుకు తగ్గించే గుణం. ఎదుటి కారు వెనకద్దం మీద, తడి రోడ్డు మీద తిరగబడి కళ్లలో కొట్టే వెలుతురుని అది కోస్తుంది. బండి నడిపేవాడికి హాయిగా ఉంటుంది, ఫోను తెర మాత్రం కొన్ని కోణాల్లో నల్లగా అయిపోతుంది. అతినీలలోహితాన్ని, అంటే యూవీని, ఆపడం వేరే గుణం. అద్దం మీది యూవీ స్టిక్కరంటావా, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ఉండు, క్యాష్ కౌంటర్‌లో నోట్లు చూసే దీపం ఉంది, తెస్తాను.

ఈ పరీక్షని నేను దగ్గరనుంచి చూశాను, ఎవరైనా చేసుకోదగ్గది కాబట్టి వివరంగా రాస్తాను. దొంగనోట్లు పట్టుకోవడానికి దుకాణాల్లో వాడే చిన్న ఊదారంగు ట్యూబులైటు అది. అయిదువందల నోటు దాని కింద పెట్టగానే మామూలుగా కనపడని సన్నటి పోగులు కాగితమంతా వెలిగాయి, నంబర్ల దగ్గర మెరుపు వచ్చింది. ఆ మెరుపు తెప్పించేది దీపం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణమే. దీపానికీ నోటుకీ మధ్య కళ్లద్దం అడ్డుపెడితే, కిరణాన్ని ఆపే అద్దమైతే దాని కింద నోటు చప్పబడుతుంది, ఆపని అద్దమైతే మెరుస్తూనే ఉంటుంది. అద్దాన్ని మన కంటికి పెట్టుకుని చూస్తే పరీక్ష కాదు, అది దీపానికి అడ్డం రావాలి. కాసేపట్లో ముగించాలి, దీపం వంక నేరుగా చూడకూడదు.

ముందు బ్రౌను జత పెట్టింది. దాని కింద పోగులన్నీ మాయమయ్యాయి. పెద్దాయన ముఖం వెలిగింది. తరవాత నలుపు జత. చూడ్డానికి బ్రౌను కంటే చాలా చిక్కటి నలుపు. దాని కింద నోటు మసకబారింది కానీ పోగులు అక్కడక్కడా మెరుస్తూనే ఉన్నాయి. ఒకే బండి, ఒకే ధర, ఒకే స్టిక్కరు.

మామయ్య: నల్లగా ఉన్నదే వదిలేసిందే!

మేనకోడలు: నలుపుకీ దీనికీ సంబంధం లేదు. కనపడే వెలుతురుని తగ్గించేది రంగు, కనపడనిదాన్ని ఆపేది పదార్థం. వదిలేసే నల్లద్దంతో రెండు నష్టాలు. చీకటిగా ఉందని కంటిపాప పెద్దదవుతుంది, ఎండకి మామూలుగా కళ్లు చికిలించే అలవాటు కూడా పోతుంది. తలుపు తెరిచి కూర్చున్నట్టే. ఇప్పుడు నీ పవర్ కళ్లజోడు ఇలా ఇవ్వు.

నీళ్లంత తెల్లగా ఉన్న ఆ అద్దాన్ని దీపం కింద పెట్టింది. నోటు మీద అద్దం మేర పోగు ఒక్కటీ లేదు, చుట్టూతా ఉన్న కాగితం మాత్రం మెరుస్తోంది. ఆయన అద్దం జరిపి, మళ్లీ పెట్టి, మళ్లీ జరిపి చూశారు.

మేనకోడలు: నీ అద్దాలు పాలీకార్బనేట్. ఆ ప్లాస్టిక్ స్వభావమే అంత. మామూలు ప్లాస్టిక్ తెల్లద్దాలన్నీ ఇలా ఆపవు, కొన్ని కొంత వదిలేస్తాయి. ఈ దీపం కూడా కిరణాల్లో ఒక పట్టీనే చూపిస్తుంది. షాపులో కొలిచే మీటరు ఉంది, అందులో పెడితే అంకె వస్తుంది, అర నిమిషం పని. అడిగితే ఏ షాపువాడైనా పెట్టి చూపించాలి.

మామయ్య: అయితే నేననేదే నిజమైంది! నాకు నల్లవి అక్కర్లేదు.

మేనకోడలు: కంటిని కాపాడ్డానికి నలుపు అక్కర్లేదు. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. నీకు కావాల్సింది పెద్ద ఫ్రేము. నలుపు, బ్రౌను, పచ్చ అన్నవి తళుకు తగ్గి హాయిగా చూడ్డానికి. తీసుకుంటే బూడిదరంగో బ్రౌనో తీసుకో, సిగ్నల్ రంగులు మారిపోకుండా ఉంటాయి. చిక్కదనానికి సున్నా నుంచి నాలుగు దాకా అంకెలుంటాయి. మన ఎండకి రెండు గానీ మూడు గానీ సరిపోతుంది. నాలుగు రకం నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్లు వెలుతురే రానిస్తుంది. అది మంచుకొండలెక్కేవాళ్లకి, బండి నడపడానికి పనికిరాదు. చీకటి పడ్డాక ఏ రంగూ వద్దు.

మామయ్య: హెల్మెట్‌కి అద్దం ఉందిగా, అది చాలదూ?

మేనకోడలు: చాలావరకు చాలు. అది కూడా ఎక్కువగా పాలీకార్బనేటే. కానీ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడి చూడు, పదిమందిలో ఎంతమంది దాన్ని దించుకున్నారో.

మామయ్య: ఉక్కపోత తల్లీ. గీతలు పడితే ఎదర ఏమీ కనపడదు. ఎత్తుకోక ఏం చేస్తాం?

ఉక్కపోత సంగతిలో నేను పెద్దాయన పక్షమే. రోహిణి కార్తెలో హెల్మెట్ అద్దం దించుకుని సిగ్నల్ దగ్గర నిమిషంన్నర నిలబడ్డవాళ్లకి ఆ బాధ తెలుసు. ఏసీ గదిలో కూర్చుని దించుకోండని చెప్పడం వేరు.

మామయ్య: ఇప్పుడు నా మాట విను. ఎండలో పనిచేసేవాళ్లకే ఎక్కువ అవసరమన్నావు. సర్కారు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలుపెట్టింది. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత. ఊరూరా శిబిరం పెట్టి లక్షల మందికి చదువుకునే కళ్లద్దాలు ఊరికే ఇచ్చారు. మంచి పని. మరి అదే శిబిరంలో కూలివాడికి ఒక ఎండ కళ్లద్దం ఎందుకివ్వలేదు? సోకు వస్తువని మనసులో ఉంది కాబట్టి. నువ్వు ఇప్పటిదాకా చెప్పిందంతా నాకు కాదు, వాళ్లకి చెప్పాలి.

మేనకోడలు: ముందు అంచున్న టోపీ ఇవ్వాలి మామయ్యా. వెడల్పాటి అంచు కంటికి చేరేదాన్ని సగం దాకా తగ్గిస్తుంది, చెమటకి జారదు, పగలదు. దాని మీద అద్దాలు.

మామయ్య: టోపీ పెట్టుకుని హెల్మెట్ పెట్టుకుంటాడా డెలివరీ కుర్రాడు? పొద్దున్నే రోడ్డూడ్చే ఆమెకి టోపీ సరే, బండి కుర్రాడికి అద్దమే దిక్కు. ఎనిమిది నుంచి పదన్నావు, రెండు నుంచి నాలుగన్నావు, అవన్నీ వాళ్లు రోడ్డు మీద తిరిగే గంటలే.

మేనకోడలు: పని చేయించుకునేవాడు ఇవ్వాలి. బొమ్మ అచ్చేసిన టీషర్టూ సంచీ ఇస్తున్నవాడు కళ్లద్దం ఇవ్వలేడా?

మామయ్య: అడిగేవాళ్లు లేకపోతే ఎవడూ ఇవ్వడు. చట్టం రాయాలి.

మేనకోడలు: చట్టం వచ్చేదాకా? నీ కుర్రాళ్లిద్దరూ రికార్డు పుస్తకాలు పట్టుకుని రేపు పొద్దున ఎస్సార్‌నగర్ హాస్టళ్లకి వెళ్లాలిగా?

మామయ్య: బ్రౌనువి ఒకడికిస్తాను. ఇంకొకడికి దీపం కింద చూసి ఇలాంటిదే ఒకటి తియ్యి. పక్కలకి వంగినది. ఖరీదైనది వద్దు.

మేనకోడలు: నాలుగువందల్లో ఉంది. మీటరులో పెట్టి చూపిస్తాను.

మామయ్య: మరి ఈ నల్లవి? వాచ్‌మన్‌కి ఇచ్చేస్తానులే.

మేనకోడలు: వద్దు. అతనూ పొద్దస్తమానం గేటు దగ్గర ఎండలోనే ఉంటాడు. మధ్యలో విరిచి చెత్తబుట్టలో వెయ్యి. విరవకుండా పారేస్తే ఎవరో ఒకరు తీసి పెట్టుకుంటారు.